చైత్రమున చెన్నపట్నము

మన సంఘపు సంచికకు చరిత్ర విషయమై యొక వ్యాసము వ్రాయుమని మిత్రులు కోరిరి. నేను చరిత్రకారుడను గాను. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, ముప్పది యేండ్లకు పైగా కచేరీలో గుమాస్తాగా నుండి, అర్జీలకు, పట్టాలకు, నోటీసులకు తమిళమున నకళ్లు వ్రాసి విశ్రాంతి పొందినవాడను. అయినను ఏడాది కొకమారు, ఫాల్గుణము ముగిసి చైత్రము వచ్చు దినములలో, మా గురుబరపల్లి నుండి చెన్నపట్నమునకు పోయి మా చిన్నవాని యింట పది దినములుండి వచ్చుట నాకు అలవాటైనది. అచట చూచినదియు, చదివి తెలిసికొన్నదియు, కొంతకాలముగా మనసును వదలని యొక ప్రశ్నయు ఇందు వ్రాయుచున్నాను.

ఆ ప్రశ్న యిది. మా వాని ప్రక్క వాటాలో నొక పెద్దాయన కాపురమున్నారు. చాల మంచివారు. రెండేండ్ల క్రిందట నేను మనుమరాలితో మాటలాడుచుండగా విని, "మీది ఆంధ్రయా?" అని తమిళమున నడిగిరి. "కాదండి, కృష్ణగిరి జిల్లా" అంటిని. "అది సరే, అసలు ఊరేది?" అనిరి. "అసలు ఊరును అదే" అంటిని. ఆయన నవ్వి ఊరకుండిరి. నమ్మలేదని నాకు తెలిసినది. ఈ సంభాషణ మనలో ఎవరికిని క్రొత్త కాదు. కాని ఆ రాత్రి మనుమరాలు, తొమ్మిదేండ్ల పిల్ల, ప్రక్కలో పండుకొని, "తాతా, బడిలో గూడా ఇదే అడుగుతారు. మనది ఏ ఊరని చెప్పాల?" అన్నది. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. నాటినుండి ఆ పట్టణమున ఏ వీధిని తిరిగినను ఆ మాట వినబడుచునే యున్నది.

మా ఊరు హోసూరు నుండి కృష్ణగిరికి పోవు పెద్దబాట మీద నున్నది. మామిడి తోపులలో పూత రాలి పిందె నిలుచు కాలమది. తెల్లవారకమున్నే కృష్ణగిరి చేరి బస్సెక్కినచో వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేటలు దాటి, ఎండ ముదురు వేళకు శ్రీపెరుంబూదూరు వచ్చును. ఇప్పుడది మోటారు కార్ల కర్మాగారములకు పేరు పొందిన ఊరు. పరవస్తు చిన్నయసూరి పుట్టినది ఈ ఊరనే యని ఎందరికి జ్ఞాపకము? 1858లో బాలవ్యాకరణము వ్రాసి, ఏది సాధువో ఏది కాదో తెలుగు వారి కందరికిని చెప్పినవాడు రాజమహేంద్రవరమున గాని బందరున గాని పుట్టినవాడు కాడు. తమిళ దేశమున పుట్టి, చెన్నపట్నమున చదివి, అచటనే పచ్చయప్ప పాఠశాలలోను, పిదప ప్రెసిడెన్సీ కళాశాలలోను తెలుగు చెప్పినవాడు. ఆయనను సైతము ఎవరైనను "అసలు ఊరేది?" అని యడిగియుందురా యని నాకు నవ్వు వచ్చును.

మరి కొంత దూరము పోగా పూనమల్లి. ప్రయాణికులు సామాను సర్దుకొను చోటది. 1639 నాటికి ఈ పూనమల్లి యందు దామెర్ల అయ్యప్ప నాయకుడుండెను. అతని సోదరుడు వేంకటాద్రి నాయకుడు వందవాసి నుండి ఈ సీమ నేలుచుండెను. చంద్రగిరి, వేలూరులలో నుండిన కడపటి విజయనగర ప్రభువులకు వీరు లోబడినవారు. అప్పుడు ఆంగ్ల కుంఫిణీ వారికి నెల్లూరు సీమలో దుగరాజపట్నమున చిన్న కోట యొకటి యుండెను గాని, వ్యాపారము సాగలేదు. అచటి యుద్యోగి ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు వచ్చి, కూవము నది సముద్రమున కలియుచోట ఇసుక తిన్నె నొకదాని నెన్నుకొనెను. ఓడ నిలువ రేవు లేదు, త్రాగ మంచి నీరు లేదు. ఆ స్థలము నెందు కెంచుకొనెనో నేటికిని పండితులు తర్కించుచునే యున్నారు. నూలుబట్ట అచట చౌకగా దొరకుట ముఖ్య కారణమని నేను చదివితిని. వేంకటాద్రి నాయకుడు ఆ స్థలమున కోట కట్టుకొనుటకు అనుజ్ఞ నిచ్చెను. ఆ దానము జరిగిన దినముగా ఆగస్టు 22ను ఇప్పుడు పట్టణపు జన్మదినముగా జరుపుచున్నారు. తమ తండ్రి చెన్నప్ప నాయకుని పేర అచట వెలయు పట్టణమునకు చెన్నపట్నమని పేరుంచవలెనని ఆ సోదరుల కోరిక. ఆ పేరు చెన్నకేశవస్వామి గుడిని బట్టి వచ్చినదనువారును గలరు. మన తాతలు వాడిన పేరదియే. తెల్లవారు మద్రాసు అనుచుండిరి. 1996లో ప్రభుత్వము వారు ఆంగ్లపు వాసన పోవలెనని మద్రాసును తీసివేసి చెన్నై యని మార్చిరి. అట్లు మార్చుటచే ఒక తెలుగు నాయకుని తండ్రి పేరు తిరిగి బోర్డుల కెక్కినది. ఇది ఎవరును తలపెట్టి చేసినది కాదు.

వసంతకాలమున ఆ పట్టణమును చూడదలచినవారు ప్రొద్దున అయిదింటికి లేవవలెను. ఎనిమిది దాటిన పిదప ఎండ నిలువనీయదు. మరల మధ్యాహ్నము కడలిగాలి వీచు వరకు ఇల్లు కదలరాదు. మెట్ట ప్రాంతమున పుట్టినవానికి సముద్రము ఎన్నిమారులు చూచినను క్రొత్తయే. సూర్యుడు నీటిలోనుండి లేచునప్పుడు, కట్టుమరములు ఒడ్డుకు వచ్చునప్పుడు, నేనును మనుమరాలును తడి యిసుక మీద నిలిచి చూతుము. బీచి ప్రక్క బాటను 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ వేయించి మెరీనా యని పేరు పెట్టెను. దానికి ఎదురుగా ప్రెసిడెన్సీ కళాశాల, సెనేట్ హౌసు, చేపాకు నవాబుల మహలు వరుసగా నున్నవి. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి విదేశములనుండి తిరిగి వచ్చి బస చేసిన భవనము, పూర్వము అమెరికా మంచుగడ్డలు నిలువచేసినది, ఆ బాట మీదనే యున్నది. దక్షిణమున అడయారు నది కడలిని చేరుచోట, 1909లో ఇసుకలో నాడుకొనుచున్న మదనపల్లె బాలు నొకనిని దివ్యజ్ఞాన సమాజము వారు చూచి చేరదీసిరి. ఆ బాలుడే జిడ్డు కృష్ణమూర్తి.

కోటకు సెయింట్ జార్జి పేరు వచ్చినది సైతము వసంతముననే. మొదటి భాగము 1640 ఏప్రిల్ 23న, ఆ సాధువు పండుగనాటికి ముగిసెనని చెప్పుదురు. మన రాష్ట్ర శాసనసభయు సచివాలయమును ఆ కోటలోనే యున్నవి. మరియొక వసంత విషయము జ్ఞాపకము వచ్చుచున్నది. 1767, 68లలో మన కృష్ణగిరి, కావేరిపట్టణముల చుట్టుప్రక్కల ఆంగ్లేయులతో పోరాడిన హైదరాలీ, 1769 మార్చి నెలాఖరున గుర్రపు దండుతో నెవరును ఎదురుచూడకయే చెన్నపట్నపు వాకిటికి వచ్చి నిలిచెను. ఏప్రిల్ నెల మొదట కోటవారు సంధి వ్రాసి యిచ్చిరి. మన దిక్కునుండి వచ్చిన అతిథులలో అంతటి మర్యాద పొందినవాడు మరియొకడు లేడు.

హైకోర్టుకు ఉత్తరముగా నున్న జార్జిటవును నాకు మిక్కిలి ప్రియమైన చోటు. ఇరుకు వీధులు, చేబండ్లు, కాగితపు టోకు దుకాణములు, పూల వాసన, సుగంధ ద్రవ్యముల ఘాటు. అక్కడ దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవ, చెన్నమల్లికేశ్వర స్వాముల గుళ్లు ప్రక్కప్రక్కన నున్నవి. పట్టణపు తొలి దినములలో ఫ్రాన్సిస్ డే వద్ద దుబాసీగా నుండిన బేరి తిమ్మన్న పేరు మొదటి గుడితో కలిపి చెప్పబడుచున్నది. ఆ మొదటి గుడి ఇప్పటి హైకోర్టు స్థలమున నుండెను. ఫ్రెంచివారి ముట్టడుల భయముచే కోట చుట్టును బయలు చేయవలెనని కుంఫిణీవారు దానిని పడగొట్టి, బదులుగా వేరొక చోటిచ్చిరి. మణలి ముత్తుకృష్ణ మొదలియారు ముందు నిలిచి ఇప్పటి గుళ్లు కట్టించెను. తెలుగు దుబాసి పేరుతో చెప్పుకొను గుడిని తమిళ దుబాసి మరల నిలిపెను. ఎవరి గుడి యిది యని అచట పూలు కట్టు ముసలమ్మ నడిగితిని. "సామి గుడి" అన్నది. ఆమె మాటకు నేను కలుపవలసినది లేదు.

చింతాద్రిపేట కథయు నిట్టిదే. 1734లో గవర్నరు పిట్ నేతగాండ్రను నిలుపుటకై కూవము వంపులో సుంకు రాముడను తెలుగు వర్తకుని తోటను తీసికొని ఆ పేటను కట్టించెను. చిన్న తరి, అనగా చిన్న మగ్గము, ఆ మాటనుండి పేరు వచ్చినదందురు. తోట తెలుగువానిది, పేరు తమిళము, ఆజ్ఞ ఆంగ్లేయునిది.

ఇక మన్రో దొర. దీవి మైదానమునకు ఎదురుగా నడిబాట మీద గుర్రమెక్కి యున్నాడు. ఇంగ్లండులో ఛాంట్రీ యను శిల్పి పోతపోసిన ఆ విగ్రహమును 1839లో నిలిపిరి. జీనును రికాబులును లేవు గనుక చూచువారు శిల్పి మరచెనని నవ్వుదురు. మోటారులలో పోవువారు ఆ మాత్రము చూచి పోవుదురు. నేను మాత్రము ప్రతి యేటను ప్రక్క చెట్టునీడను నిలిచి ఆయనను చూతును. ఎందుకనగా ఆయన మన ఊరివాడు. 1792లో టిప్పు సుల్తాను బారామహలును ఆంగ్లేయులకు విడువగా, కెప్టెన్ రీడు క్రింద సహాయకుడుగా వచ్చి, 1799 వరకు ఏడేండ్లు ఈ కొండల నడుమనే పనిచేసెను. పొలము పొలమును కొలిపించి, తరము కట్టి, నడుమ జమీందారు లేకుండ రైతు పేరనే పన్ను నిర్ణయించు పద్ధతిని రీడు ఈ బారామహలున మొదలుపెట్టగా, మన్రో దానిని నేర్చి, తరువాత దత్తమండలములకు కొనిపోయి, 1820లో గవర్నరై రాష్ట్రమంతట స్థిరపరచెను. రైతువారీ యనునది ఇదియే. నా జీవితమంతయు పట్టా, చిట్టా, అడంగలు అను మూడు కాగితముల నడుమ గడచినది. వాని బీజములు లండనున పుట్టలేదు, చెన్నపట్నమున పుట్టలేదు. మన కృష్ణగిరి, ధర్మపురి పొలము గట్లమీద పుట్టినవి.

ఆ పద్ధతి అంతయు మేలే యని నేననను. తొలి దినముల పన్ను భారముచే భూమి విడిచి పోయిన కాపులు గలరు. 1807లో మన్రో తానే దత్తమండలముల పన్ను నాలుగవ వంతు తగ్గింపవలెనని వ్రాసెను. పైవారు వెంటనే వినలేదు. క్రింది యుద్యోగి వ్రాసినది పైవారు వినకుండుట నేటి మాట కాదని ఇందుచే తెలియును. 1827లో కర్నూలు సీమలోని పత్తికొండ వద్ద కలరా తగిలి చనిపోయెను. రాయలసీమలో ఆయన పేరు బిడ్డలకు పెట్టుకొన్నారని చెప్పుకొందురు. నిరుడు మనుమరాలిని ఆ విగ్రహము వద్దకు గొనిపోయి, "ఈయన మన పక్క పనిచేసినాడు" అంటిని. "మన ఊరికి వచ్చినాడా?" అన్నది. "వచ్చే ఉంటాడు, బాట అదే కదా" అంటిని. గుమాస్తా ఈ మాటకు రుజువు చూపలేడు గాని, తాత చూపనక్కరలేదు.

నుంగంబాకమున కాలేజి రోడ్డని యొక వీధి కలదు. ఆ పేరు కోట కళాశాలనుండి వచ్చినది. సీమనుండి వచ్చు యువకులకు దేశభాషలు నేర్పుటకై 1812లో దానిని పెట్టిరి. దాని పెద్ద ఎల్లిస్ దొర. కాంబెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు 1816లో పీఠిక వ్రాయుచు, తెలుగు, తమిళ, కన్నడములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, అవి యొక్క తల్లి బిడ్డలనియు ఆయన మాటలను ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. కాల్డ్వెల్ ఆ విషయమున పెద్ద గ్రంథము వ్రాయుటకు నలువది యేండ్ల ముందటి మాట. ఆ పనిలో మామిడి వెంకయ్య, పట్టాభిరామశాస్త్రి మొదలగు మన పండితుల పాండిత్యము ఆయనకు ఆధారమైనది. ఇది చదివినప్పుడు నేను హోసూరు సంతను తలచుకొంటిని. బేరము తెలుగున మొదలై, కన్నడమున సాగి, తమిళమున ముగియుట అచట వింత కాదు. ఎల్లిస్ గ్రంథములలో వెదకినదానిని మన సంతకు వచ్చు అవ్వలు ఎరిగియే యుందురు.

అదే కళాశాలలో 1817లో వచ్చి తెలుగు నేర్చినవాడు బ్రౌను. 1852లో ఆయన నిఘంటువు ఈ పట్టణముననే అచ్చయినది. ఆయన కూర్చిన వ్రాతప్రతులును, కావలి సోదరుల సాయముతో కర్నలు మెకంజీ సేకరించిన స్థానిక వృత్తాంతములును 1869లో ఏర్పడిన ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున చేరినవి. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు ముద్రణాలయము పెట్టినదియు ఇచటనే. కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆంధ్రపత్రికను 1914లో బొంబాయినుండి ఇచటికి తెచ్చి దినపత్రికగా చేసిరి. మా తండ్రిగారి కాలమున ఆ పత్రిక తపాలాలో ఆలస్యముగా మా ఊరు చేరుచుండెను. పాత వార్తనే ఊరి పెద్దలు రచ్చకట్ట మీద కూర్చుండి క్రొత్తగా చదివించుకొనుచుండిరట.

మైలాపురమున నాగేశ్వరరావుగారి పేర తోట యొకటి కలదు. వసంతమున సాయంకాలము కూర్చుండుటకు అంతకంటె మంచి చోటు నాకు తెలియదు. దగ్గరనే కపాలీశ్వరుని గుడి. ఫాల్గుణ, చైత్రముల సంధిని అచట పంగుని యుత్సవము జరుగును. అరువది మువ్వురు నాయనార్ల విగ్రహములు వీధులలో నూరేగు నాడు మజ్జిగ పందిళ్లు, పానకపు కుండలు, జనసముద్రము. ఆ జనములో ఎవరిది ఏ భాషయో అడుగువాడుండడు. ఆ ప్రక్కగా పారు బకింగ్‌హాం కాలువ నేడు చూడదగినదిగా లేదు. ఒకప్పుడు మాత్రము కృష్ణా డెల్టానుండి, నెల్లూరినుండి వడ్లు, ఉప్పు, శ్రీహరికోట సరుగుడు కట్టెలు పడవలలో ఆ కాలువ మీదుగనే పట్టణమునకు వచ్చినవి. 1877, 78ల కరవున కూలి కోసము వచ్చిన జనము చేతులతోనే కూవమునకును అడయారునకును నడుమ భాగమును త్రవ్వించిరి.

రాయపేట హైరోడ్డున పొట్టి శ్రీరాములుగారు ప్రాణము విడిచిన యిల్లున్నది. అప్పుడది బులుసు సాంబమూర్తిగారి నివాసము. శ్రీరాములుగారు ఈ పట్టణముననే, జార్జిటవునున, 1901 మార్చి 16న పుట్టిరి. 1952 అక్టోబరు 19న ఉపవాసము మొదలిడి, 58 దినముల పిదప డిసెంబరు 15 రాత్రి కన్నుమూసిరి. నాలుగు దినములకు నెహ్రూగారు ఆంధ్ర రాష్ట్రమును ప్రకటించిరి. 1953 అక్టోబరు 1న రాష్ట్రము వచ్చినది, పట్టణము రాలేదు. అప్పుడు చెన్నపట్నమున ముఖ్యమంత్రిగా నుండినవారు రాజాజీగారు. ఆయన మన హోసూరు ప్రక్క తొరపల్లిలో పుట్టినవారు. పట్టణము తమిళులకే యుండవలెనని గట్టిగా నిలిచినవారిలో నొకరు. ఒకవైపు చెన్నపట్నమున పుట్టి ఆంధ్రకై మరణించిన తెలుగువారు, మరియొకవైపు తెలుగు పల్లెల నడుమ పుట్టి పట్టణమును తమిళులకు నిలిపినవారు. "మద్రాసు మనదే" అను కేకలు రెండు వైపులను వినబడిన ఆ దినములలో, హోసూరు తెలుగువారి నెవరును, మీ రెటు పోవుదురని అడిగినట్లు మా తండ్రిగారు చెప్పగా వినలేదు. ఆయన ఆ యిల్లు తలచినప్పుడెల్ల చేతులు జోడించుచుండిరి. రాజాజీగారి మాట వచ్చినప్పుడును అట్లే జోడించుచుండిరి. బాల్యమున నాకది వింతగా తోచెడిది.

మేము సేలము జిల్లావారము. 1965లో ధర్మపురి జిల్లావారమైతిమి. 2004లో కృష్ణగిరి జిల్లావారమైతిమి. ఆ కడపటి మార్పు నాడు కచేరీలో పాత రబ్బరు ముద్రలను సంచిలో వేసి కట్టి, క్రొత్తవానిని పుస్తకమున జమ వ్రాసినది నేనే. ఊరు గజమైనను కదలలేదు. తమిళము మనకు పరాయిది కాదు, దానితోనే నేను అన్నము తింటిని. 2006 చట్టముచే పిల్లలందరును దానిని బడిలో నేర్చుచున్నారు, నేర్వవలసినదే. నా దుఃఖము వేరు. తెలుగు ఇంటి మాటగా మిగిలి, వ్రాతగా మన చేతులనుండి జారిపోవుచున్నది. మా చిన్నవానికి తెలుగు అక్షరములు సగము రావు. ఆ తప్పు బడిది కాదు, నాది. సాయంకాలములు వానికి నేర్పుటకు నాకు తీరిక లేదనుకొంటిని.

ఈ యేడు ఉగాదికి రెండు దినముల ముందు జార్జిటవునున తెలుగు పంచాంగ మొకటి కొంటిని. పండుగనాడు వేపపూత పచ్చడి తిని, మనుమరాలు నా ప్రక్కన కూర్చుండి దాని అట్టమీది అక్షరములను వ్రేలు పెట్టి కూడబలుకుచుండగా, ప్రక్క వాటా పెద్దాయన మా పచ్చడి రుచి చూచుటకు వచ్చిరి. పిల్లను చూచి, "ఏమమ్మా, సెలవులకు ఆంధ్రకు పోతావా?" అని యడిగిరి.

"లేదు తాతా, గురుబరపల్లికి" అన్నది తమిళమున.

"అది ఎక్కడ?"

"హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే దారిలో. మన్రో దొర గుర్రం మీద పోయిన బాట" అన్నది. పెద్దాయన నావైపు చూచిరి. నేను ఆయనకు ఇంకొక గరిటె పచ్చడి వడ్డించి, మామిడికాయ మా తోటదని చెప్పితిని.